పై ముడి ఎవరిది?

ఇల్లు కూలి మనిషి చనిపోతే దోషం ఎవరిది? ప్రాచీన బాబిలోనులో హమ్మురాబి శాసనం కట్టినవానినే పట్టుకుంది. ఇల్లు కూలి యజమాని మరణిస్తే కట్టినవానికి మరణశిక్ష. ద్వితీయోపదేశ కాండము 22వ అధ్యాయం యజమాని వైపు చూస్తుంది. మిద్దెకు పిట్టగోడ కట్టించనందున ఎవరైనా పడి చనిపోతే ఆ రక్తాపరాధం ఆ ఇంటిదే. నేటి కోర్టులలో యజమాని, కాంట్రాక్టరు, ఇంజనీరు ముగ్గురూ నిలబడతారు. ముగ్గురి వేళ్లూ పక్కవారి వైపే!

అమెరికాలోని కాన్సస్ సిటీలో 1981 జూలై 17 సాయంత్రం ఏం జరిగిందో చూడండి. హయత్ రీజెన్సీ హోటలు తెరిచి అప్పటికి ఏడాదే. కింది హాలులో నృత్య వినోదం సాగుతుండగా, పైకప్పు నుండి వేలాడే రెండు నడక వంతెనలు జనం మీద కూలాయి. 114 మంది మరణించారు.

మొదటి నమూనా ప్రకారం ఒకే పొడవాటి కడ్డీ రెండు వంతెనలనూ మోయాలి. ఉక్కు పని చేసిన కంపెనీ పని సులువు కోసం దానిని రెండు కడ్డీలుగా మార్చింది. మన ఉట్టిని తలచుకోండి. ఒకే తాడుకు రెండు కుండలు వేరువేరుగా కడితే ఏ ముడి బరువు దానిదే. కింది కుండను పై కుండకే వేలాడదీస్తే? పై ముడి రెండింటినీ మోయాలి. అక్కడ తెగింది అదే. పైగా మొదటి నమూనా కూడా నగర నిబంధనలు కోరిన బలంలో సుమారు 60 శాతమే మోయగలదని తరువాత తేలింది.

మార్పుకు ఫోనులో అనుమతి దొరికిందని కంపెనీ వాదన. అలాంటి ఫోనే రాలేదని ఇంజనీర్లు. ముడి లెక్క చూడటం కంపెనీ పని అని కూడా వారన్నారు. కాని మార్చిన నమూనా కాగితం మీద వారి ముద్ర ఉంది! పని దగ్గర తమ మనిషిని ఉంచుదామని అడిగితే, ఖర్చని యజమానులు ఒప్పుకోలేదని మరో మాట.

నష్టపరిహారాన్ని వాటాలు వేయక తప్పదు. బాధితులకు పైకం అందాలి కదా. అయితే అంతరాత్మ ముందు కూడా ఈ పంపకం చెల్లుతుందా? ముగ్గురిలో ఏ ఒక్కరు ఆ ముడి లెక్క వేసి చూసినా ఆ మనుషులు బ్రతికేవారు. కనుక ఎవరి బాధ్యతా మూడోవంతు కాదు, ప్రతివారిదీ పూర్తి బాధ్యతే అని నాకు తోస్తుంది.

మన ఇళ్ల దగ్గర ఇంకో విడ్డూరం. స్లాబు వేసేరోజు కమ్మీ తగ్గించమని మేస్త్రీని బ్రతిమాలేది యజమానే. నెర్రె కనబడితే మొదట తిట్టేదీ ఆయనే.

కాన్సస్ సిటీ కేసులో 1985లో ఇంజనీర్ల ఘోర నిర్లక్ష్యం రుజువై, ఆ తరువాత మిస్సోరిలో వారి లైసెన్సులు రద్దయ్యాయి. వారిలో పెద్దవాడైన జాక్ గిల్లం తరువాతి ఏళ్లలో ఇంజనీర్ల సభలకు వెళ్లి ఆ ముడి గురించి తానే చెబుతూ వచ్చాడు.