బెల్లంలో చుట్టిన లెక్కలు

ఆడవాళ్ళకి లెక్కలు రావని మొదట ఎవరన్నారో గానీ, ఆ మహానుభావుడు ఏ ఇల్లాలి పాలపద్దూ చూసి ఉండడు. నెలలో ఏ పూట అరలీటరు తగ్గిందో, ఏ రోజు పాలవాడు నాగా పెట్టాడో కాగితం అక్కర్లేకుండా చెప్పగల మనిషే, కూతురు తొమ్మిదో క్లాసు లెక్కల పుస్తకం తెచ్చి ముందు పెడితే మాత్రం "మీ నాన్నగారినడుగు" అని తప్పుకుంటుంది. నేను సాహిత్యం చదువుకున్నదాన్ని. లెక్కలకీ నాకూ దూరపు బంధుత్వం. అయినా ఈసారి లెక్కల గురించే రాయాలనిపించింది. ఎందుకంటే ఇందులో నీతికి సంబంధించిన ప్రశ్న ఒకటుంది.

ఈ రోజుల్లో హైస్కూలు పిల్లలకి లెక్కలు ఆటలతోనూ, కాగితాలూ కత్తెరలతోనూ చెప్పాలంటున్నారు. 2005లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం కూడా, పిల్లలు గణితానికి భయపడకుండా దాన్ని ఆనందంగా నేర్చుకోవాలని చెప్పింది. వినడానికి బాగానే ఉంది. కానీ ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయిన మా బాబాయిగారికి ఈ మాట నచ్చదు. "బెల్లంలో పెట్టి మాత్ర మింగించావంటే, మాత్ర చేదని నువ్వే ఒప్పుకున్నట్టు కదమ్మా! పైగా పిల్లల్ని మోసం చేసినట్టు కాదూ?" అంటారాయన.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఇది తేలిగ్గా కొట్టిపారేయవలసిన మాట కాదు. పిల్లలకి మంచి చెయ్యడం కోసమే అయినా వాళ్ళని మభ్యపెట్టవచ్చా? ఆట పేరు చెప్పి చదువు చెప్పడం మభ్యపెట్టడం అవుతుందా, అవదా?

దీనికి జవాబు వెతుకుతూ, తెలిసిన టీచరొకావిణ్ణి బతిమాలి, ఒక ఆడపిల్లల హైస్కూల్లో ఎనిమిదో క్లాసు వెనక బెంచీ మీద కూర్చున్నాను. ఆ రోజు పాఠం వృత్తం. ఆవిడ పిల్లల్ని గాజులు తెమ్మన్నారు. గాజుల సైజుల సంగతి మనకి కొత్తేమీ కాదు. రెండుంబావు, రెండున్నర అని షాపులో అడుగుతూనే ఉంటాం. కాని ఆ అంకె గాజు లోపలి అడ్డుకొలత అనీ, 2-4 అంటే రెండంగుళాల మీద పదహారింట నాలుగు వంతులనీ, అంటే సరిగ్గా రెండుంబావు అంగుళాలనీ మనలో ఎంతమంది ఆలోచించి ఉంటారు?

పిల్లలు గాజు అంచు చుట్టూ దారం చుట్టారు. ఆ దారం తీసి, అదే గాజు వెలుపలి అడ్డుకొలతతో కొలిచారు. మూడుసార్లు పట్టి, చిన్న ముక్క మిగిలింది. పసిపిల్ల గాజైనా అంతే, అమ్మమ్మ గాజైనా అంతే. డబ్బామూత తీసుకున్నా, కంచం తీసుకున్నా మూడూ, ఆ పైన కాస్తా! ఆ కాస్త ఎంతని టీచరు అడిగితే, రెండు జడల పిల్లొకతె చాలాసేపు దారం మడతలు పెట్టి చూసి, "దగ్గిర దగ్గిర ఏడో వంతుందండీ" అంది. మీరూ నేనూ బట్టీపట్టిన 22/7 అదే. ఆ పిల్ల దాన్ని పుస్తకంలోంచి తీసుకోలేదు, చేతిలోంచి తీసుకుంది.

ఇక్కడ బెల్లం ఏదీ? మాత్ర ఏదీ? నాకు విడదీయడం చేతకాలేదు. గాజు మీద దాచిపెట్టిన చేదేమీ లేదు. ఆ గుండ్రదనమే పాఠం. అదే వైకుంఠపాళీ పటం వేసి, సరైన జవాబు చెప్పినవాళ్ళకి నిచ్చెన, చెప్పనివాళ్ళకి పాము అన్నారనుకోండి, లేదా లెక్కకొక చాక్లెట్టు ఇచ్చారనుకోండి, అప్పుడు బాబాయిగారి మాట అక్షరాలా నిజం. అక్కడ ఆట వేరు, లెక్క వేరు. పిల్ల మనసు నిచ్చెన మీద ఉంటుంది గాని లెక్క మీద ఉండదు. లెక్కలకి ఆట అంటించడం ఒకటి, లెక్కల్లో ఉన్న ఆటని బయటికి తియ్యడం మరొకటి.

ఇదంతా విదేశాల నుంచి దిగిన ఫ్యాషన్ అనుకునేవాళ్ళకి ఒక మాట. టి. సుందరరావుగారు అనే ఆయన, కాగితం మడతలతోనే రేఖాగణితం ఎలా చెయ్యవచ్చో చూపిస్తూ 1893లో మద్రాసులో ఇంగ్లీషు పుస్తకం ఒకటి అచ్చువేశారు. చిన్నపిల్లల కిండర్‌గార్టెన్ కాగితం ఆట చూసి ఆ ఊహ తట్టిందని ఆయనే చెప్పుకున్నారు. జర్మనీ గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ ఆ పుస్తకాన్ని ప్రస్తావించాక ప్రపంచం దానివైపు చూసింది.

అంతమాత్రాన కత్తెరా కాగితం ఉంటే చాలు, న్యాయం జరిగిపోయినట్టే అనుకోవడానికి లేదు. మర్నాడు అదే క్లాసులో పిల్లలందరూ తలో త్రిభుజం కత్తిరించారు. మూడు మూలలూ చింపి, మొనలు కలిపి పక్కపక్కన పేర్చారు. అందరికీ తిన్నని గీతే వచ్చింది, అంటే 180 డిగ్రీలు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టబోయాను గాని, టీచరు ఊరుకోలేదు. ఎనిమిది గళ్ళ చదరం, అంటే 64 గళ్ళ కాగితం తీసి, రెండు త్రిభుజాలుగా, రెండు వాలు ముక్కలుగా కత్తిరించారు. వాటినే మరోలా పేర్చి, అయిదు గళ్ళ వెడల్పు, పదమూడు గళ్ళ పొడవు దీర్ఘచతురస్రం చేశారు. అయిదు పదమూళ్ళు 65! గడి ఒకటి ఎక్కడినుంచి వచ్చిందర్రా అన్నారు. క్లాసంతా నిశ్శబ్దం. అచ్చం కాకిలెక్క! చివరికి ముందు బెంచీ పిల్ల కాగితాన్ని కిటికీ వెలుగుకి పట్టి చూసింది. మూలనుంచి మూలకి సన్నటి సందు, వెంట్రుకంత. ఆ సందంతా కలిపితే సరిగ్గా ఒక గడి.

"మరి ఇందాక తిన్నటి గీత వచ్చిందన్నారుగా, అందులోనూ సందు లేదని ఏమిటి నమ్మకం?" అని అడిగారావిడ. అప్పుడు మొదలయింది అసలు పాఠం. త్రిభుజం శిఖరం మీదుగా అడుగు భుజానికి సమాంతరంగా గీత గీసి, కింది కోణాలు రెండూ పైకి ఎలా వస్తాయో పిల్లలే తేల్చారు. కన్ను చెప్పిన సాక్ష్యాన్ని బుద్ధి విచారించి తీర్పు చెప్పింది. అదయ్యాక ఆవిడ బంతి తీసి, ఉత్తరధ్రువం నుంచి భూమధ్యరేఖకి రెండు గీతలు దించి, మూడు లంబకోణాలున్న త్రిభుజం చూపించారు. మొత్తం 270 డిగ్రీలు! తీర్పు బల్లపరుపు కాగితానికే చెల్లుతుందన్నమాట.

నా ప్రశ్నకి జవాబు నాకు అక్కడ దొరికింది. "చూశారుగా, ఇంతే, రాసుకోండి" అని ఆగిపోయే ఆట, బెత్తం పట్టుకుని చెప్పించే ఎక్కానికి చెల్లెలే. రెండూ మాట వినమనే అంటాయి. "ఎందుకు?" అని అడిగే హక్కు పిల్ల చేతికి ఇచ్చే ఆటలో మాత్రం మోసం లేదు. ఆ హక్కు చిన్నదేమీ కాదు. పదమూడేళ్ళ పిల్ల లేచి, "మూడో మెట్టు తప్పండీ" అంటే, యాభయ్యేళ్ళ పెద్దాయన కూడా తుడిచి రాయవలసిన చోటు లెక్కల క్లాసు. అక్కడ వయసు చెల్లదు, హోదా చెల్లదు, కులం చెల్లదు. మన ఇళ్ళల్లో ఎన్ని చోట్ల ఆడపిల్లకి అలా అనే వీలుంది చెప్పండి? ఎందుకని అడిగితే ఎదురు చెప్పిందంటాం.

ఈ మాట కొత్తదేమీ కాదు. దాదాపు 2400 ఏళ్ళ కిందట ప్లేటో రాసిన 'మీనో' అనే సంభాషణలో, సోక్రటీసు ఒక బానిస కుర్రవాణ్ణి పిలిచి, చదరం గీసి, దీనికి రెట్టింపు చదరం చెయ్యమంటాడు. వాడు భుజాన్ని రెట్టింపు చేస్తాడు. చదరం నాలుగింతలవుతుంది. ఇంకోటి ప్రయత్నిస్తాడు, అదీ కాదు. చివరికి ప్రశ్నలమీద ప్రశ్నలతో, కర్ణం మీద కట్టిన చదరమే జవాబని తేలుతుంది. సత్యం ముందు బానిసా యజమానీ ఒకటేనని తేలినా, ఆ పాఠంవల్ల కుర్రవాడికి స్వేచ్ఛ వచ్చిందని ఎక్కడా లేదు. నన్ను కలవరపెట్టేది ఆ సంగతే. క్లాసులో సమానత్వం చూపించి, గంట కొట్టగానే మళ్ళీ నోరు మూసుకోమంటే ఆ పాఠానికి అర్థమేముంది?

భాస్కరాచార్యుడి 'లీలావతి' 1150 నాటిది. అందులో తుమ్మెదలున్నాయి, పామూ నెమలీ ఉన్నాయి, అర్జునుడి బాణాలున్నాయి. లెక్కలు కొన్ని ఒక పడుచుని సంబోధిస్తూ నడుస్తాయి. ఆవిడ ఆయన కూతురనీ, ముత్యం అడ్డుపడి నీటిగడియారం ఆగిపోయి, ముహూర్తం తప్పి, పెళ్ళి కాకుండా పోయిందనీ, ఆ దుఃఖం మరిపించడానికే ఆ గ్రంథం రాశాడనీ ఒక కథ. 1587లో ఫైజీ చేసిన పారశీక అనువాదంలో అది కనిపిస్తుంది. నిజమో కల్పనో గానీ, ఆ కథ విన్నప్పుడల్లా నాకొకటే అనిపిస్తుంది: పెళ్ళి తప్పితేనే గాని ఆడపిల్లకి లెక్కలు చెప్పకూడదా?

బాబాయిగారి మాటలో మరో సగం మాత్రం నేను తోసెయ్యలేను. సరళీ వరసలు పాడకుండా కీర్తన రాదు. ఎక్కాలు నోటికి రాకుండా, చెయ్యి తిరగకుండా గణితం రాదు. విసుగు పుట్టే సాధన కొంత తప్పదు. కాని ఎందుకు చేస్తున్నదీ తెలిసిన పిల్ల విసుగుని ఓర్చుకుంటుంది. తెలియని పిల్ల, తనకి బుర్ర లేదని నమ్మేస్తుంది. ఆ నమ్మకం జీవితాంతం పోదు.

అంచేత క్లాసులో టీచర్లు ఏం చేసినా, మిగతా సగం మన వంటింట్లోనే ఉంది. మీ అమ్మాయి వచ్చి, "మైనస్‌ని మైనస్‌తో హెచ్చవేస్తే ప్లస్ ఎందుకవుతుందమ్మా?" అందనుకోండి. అది అంతే అనకండి. మైనస్ రెండుని మూడుతో హెచ్చవేస్తే మైనస్ ఆరు, రెండుతో మైనస్ నాలుగు, ఒకటితో మైనస్ రెండు, సున్నాతో సున్నా. మెట్టుమెట్టుకీ రెండేసి పెరుగుతోంది కదా, మరి మైనస్ ఒకటితో ఎంత కావాలో చెప్పమనండి. చెప్పాక, "ఇది ఒప్పుకుంటావా?" అని అడగండి. ఒప్పుకోనంటే సంతోషించండి. కూర మాడితే మాడనివ్వండి.