మలివయస్సున కొత్త కాయకము

బసవేశ్వరుడు లోకమునకు ప్రసాదించిన ధర్మములలో కాయకము ప్రధానమైనది. కాయముచేత చేయబడి, శివార్పణబుద్ధితో సాగి, తనకును తనవారికిని జీవనమై, మిగిలినది దాసోహమునకు చేరునట్టి సత్యశ్రమకే కాయకమని పేరు. ఇందు వృత్తుల హెచ్చుతగ్గుల ప్రసక్తి లేదు. వయస్సు ప్రసక్తియు లేదు. ఇరువదియేండ్ల యువకుడు చేయునదియు, అరువదియేండ్ల పెద్ద చేయునదియు కాయకమే. అయినను, వయస్సు మీరిన పిమ్మట పాతవృత్తి విడిచి, కొత్త కొలువున చేరి, దినమునకు పండ్రెండేసి గంటలు పనిచేయవలసి వచ్చిన గృహస్థుని కష్టము వేరు. ఆ కష్టమునకు శరణుల మార్గమున ఊరట ఏమి కలదో విచారించుట నేడు మిక్కిలి అవసరము.

జహీరాబాదు, నారాయణఖేడు, తాండూరు ప్రాంతముల గ్రామములలో చిల్లర దుకాణమో, కొద్దిపాటి సేద్యమో ఆధారముగా బ్రతికిన లింగవంతుల కుటుంబములు అనేకము. అరువు పద్దులు వసూలు కాక దుకాణము మూతపడవచ్చును. బోరు ఎండి సేద్యము సాగకపోవచ్చును. అట్టి స్థితిలో ఇంటిపెద్ద ఏబదియేండ్లు దాటిన పిమ్మట పటాన్‌చెరువునకో, హైదరాబాదునకో చేరి, కర్మాగారపు గేటు వద్ద కాపలాదారుగానో, గోదాములో లెక్కలు వ్రాయువాడుగానో కుదురుకొనును. నిన్నటివరకు తన గద్దెపై తాను కూర్చుండి సావుకారని పిలిపించుకొన్నవాడు, నేడు కుమారుని వయస్సుగల సూపర్‌వైజరు ఎదుట హాజరుపట్టీలో సంతకము చేయవలెను. రాత్రి ఎనిమిది గంటలకు గేటు వద్ద నిలిచి, ఉదయము ఎనిమిది గంటలకు దిగవలెను. పొరుగువాని ద్యూటీ బదిలీ కానిచో మరికొన్ని గంటలు అక్కడనే ఉండవలెను.

ఇట్టివానిని మూడు బాధలు చుట్టుముట్టును. మనస్సునకు సిగ్గు, దేహమునకు అలసట, నిష్ఠకు భంగము. మొదటి రెండును లోకమునకు కనబడును; మూడవది కనబడదు. పూజకు వేళ చిక్కక ఒకనాడు మానును, రెండవనాడు మానును; నియమము తప్పిన తరువాత లింగమును ధరించుట కంటె తీసియుంచుటయే మేలని తలచి, లింగకాయను ఇంటి గూటిలో పెట్టి కొలువునకు వెళ్లును. ఆనాడు అతడు పోగొట్టుకొన్నది దుకాణము కంటె పెద్దది. కనుక ఈ మూడింటిని వరుసగా పరిశీలింపవలెను.

మొదటిది సిగ్గు. మోళిగె మారయ్య చరిత్రము ఈ సందర్భమున స్మరింపదగినది. ఆయన కాశ్మీరదేశమును ఏలిన రాజనియు, బసవేశ్వరుని కీర్తి విని, రాజ్యమును విడిచి భార్యయగు మహాదేవితో కల్యాణమునకు వచ్చెననియు శరణచరిత్రములు చెప్పుచున్నవి. కల్యాణమున ఆయన స్వీకరించిన కాయకము కట్టెలమ్ముట. అడవికి పోయి కట్టెలు కొట్టి, మోపు కట్టి, తలపై మోసికొనివచ్చి, వీథులలో అమ్మి, ఆ వచ్చినదానితో జంగమదాసోహము చేసెను. మోపు మోయువాడు కాబట్టియే మోళిగె మారయ్య యను పేరు నిలిచెను. సింహాసనము నాటి పేరు మరుగుపడి, మోపు తెచ్చిన పేరే తొమ్మిది శతాబ్దములుగా శరణుల నాలుకలపై నిలిచియున్నది.

ఆ ఇంటి పేదరికమును చూచి బసవేశ్వరుడు, మారయ్య లేని సమయమున కొంత ధనమును రహస్యముగా ఉంచి వెళ్లెనట. మారయ్య తిరిగివచ్చి, అది తన చెమటచేత వచ్చినది కాదని గ్రహించి, జంగములకు ఇచ్చివేసెను. ఇచ్చినవాడు సాక్షాత్తు బసవన్నయే అయినను, శ్రమింపని ధనము ఆయనకు అక్కరలేకపోయెను. మలివయస్సున గేటు వద్ద నిలిచి నెలజీతము తెచ్చుకొను గృహస్థుడు ఈ కథను మరువరాదు. ఎవరి ముందును చేయి చాపక తెచ్చిన అన్నము అతనిది. యువకుడైన సూపర్‌వైజరు పని నేర్పినచో నేర్చుకొనుట లఘుత్వము కాదు. చాకలి మాచయ్య, అంబిగర చౌడయ్య, మేదర కేతయ్య మొదలగువారు తమ తమ పనులు చేసికొనుచునే అనుభవమండపమున మాన్యులైరి. రాజకోశమును కాచిన బసవేశ్వరుడు సైతము తొలుత లెక్కలు వ్రాయు కరణికుడే.

రెండవది అలసట. ఈ విషయమున కొందరు కాయకధర్మమును తప్పుగా గ్రహింతురు. ఎన్ని గంటలు చేసిన అంత పుణ్యమని తలచి, ద్యూటీ వెనుక ద్యూటీ చేసి, దేహము కూలువరకు ఆగరు. అట్టివారికి ఆయ్దక్కి లక్కమ్మ చెప్పిన బుద్ధి వినదగినది. అమరేశ్వరము నుండి కల్యాణమునకు వచ్చిన మారయ్య, లక్కమ్మ దంపతులు, బసవేశ్వరుని మహామనె ముంగిట చెదరిన బియ్యపు గింజలను ఏరి దాసోహము చేయుచుండిరి. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చు కొలతకు మించి తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. అక్కరకు మించిన ఆశ భక్తులకు తగదని మందలించి, హెచ్చు బియ్యమును తిరిగి అక్కడనే పోసిరమ్మని పంపెను. ఆ మారయ్యయే మరియొకనాడు శివానుభవగోష్ఠిలో మునిగి పనిని మరచినప్పుడు, కాయకవేళ మించుచున్నదని హెచ్చరించినదియు ఆమెయే. పని మానరాదు, పనిని ఆశకు లోబరచరాదు. ఈ రెండు బుద్ధులును ఆ ఒక్క తల్లి నోటనే వెలువడినవి.

ఇంటి ఖర్చునకును, పిల్లల చదువునకును, అప్పు తీర్చుటకును ఎంత కావలెనో భార్యాభర్తలు కూర్చుండి లెక్క చూచుకొనవలెను. ఆ లెక్కకు మించిన అదనపు ద్యూటీని వదలుకొనుట లక్కమ్మ మార్గము. అవసరమై చేసినది కాయకము. పొరుగువాని మేడ చూచి చేసినది కాయకము కాజాలదు.

దేహమును దేవాలయముగా భావించినది శరణధర్మము. ఆలయమును పాడుపెట్టి అందలి దేవుని కొలుచుట ఎట్లు? మానవదేహము పగలు మేల్కొనుటకును రాత్రి నిదురించుటకును అలవడినది. రాత్రి మూడు గంటల నుండి తెల్లవారువరకు మగత ఎక్కువ. పగటినిద్ర ఎంత పడుకొన్నను తునిగిపోవుచుండును. వయస్సు మీరినకొలది ఈ మార్పునకు దేహము ఒదుగుట ఆలస్యమగును. వారమునకొక తీరుగా షిఫ్టు మారుట మరింత కష్టము. కాబట్టి వీలైనచో ఒకే షిఫ్టును కోరుకొనవలెను. ఇల్లు చేరగానే కిటికీకి మందపు గుడ్డ కట్టి, ప్రతిదినము ఒకే వేళకు పడుకొనవలెను. ద్యూటీ చివరి గంటలలో టీ త్రాగినచో ఇంటివద్ద నిద్ర పట్టదు. నడిరేయి బరువైన భోజనము కంటె జొన్నరొట్టె, పప్పు, మజ్జిగ మేలు. గంటల తరబడి నిలిచినవాని కాళ్లు వాచును. నడుమ కూర్చుండి కాళ్లను చాచి ఉంచవలెను. చక్కెరవ్యాధి, రక్తపుపోటు కలవారు మందుల వేళలను వైద్యుని అడిగి మార్చుకొనవలెనే కాని తామే నిర్ణయింపరాదు. ఉదయము మగతతో బండి నడిపి ఇల్లు చేరబూనుట ప్రాణాపాయము. ఒక గడియ అక్కడనే కునుకు తీసి బయలుదేరినచో నష్టమేమియు లేదు.

మూడవది నిష్ఠాభంగము. నులియ చందయ్య వృత్తాంతము దీనికి వెలుగు చూపును. ఆయన గడ్డి కోసి, త్రాళ్లు పేని అమ్మి, జంగమదాసోహము చేయుచుండెడివాడు. ఒకనాడు గడ్డి కోయుచుండగా లింగము దేహమునుండి జారిపడినది. దాసోహమునకు వేళ తప్పునని చందయ్య లింగమును అక్కడనే విడిచి పనికి సాగిపోయెను. ఈ కథను ఇంతవరకే చెప్పి, పని ఉన్నచోట పూజ అక్కరలేదని వాదించువారు కలరు. కథ అంతటితో ముగియలేదు. మడివాళ మాచయ్య వంటి శరణులు చందయ్యతో విచారించిరి. లింగము లేక జంగమసేవ పూర్ణము కాదని తెలిపిరి. చందయ్య ఆ లింగమును మరల స్వీకరించెను. కాయకము గొప్పదని లింగమును విడుచుటయు, పూజ గొప్పదని కాయకమును విడుచుటయు రెండును అసంపూర్ణములే.

మరి పండ్రెండు గంటలు పనిచేయువాడు త్రికాలపూజ ఎట్లు సలుపగలడు? స్థావరాలయమునకు తలుపులు కలవు, తెరచు వేళలు, మూయు వేళలు కలవు. రాత్రి ద్యూటీ చేయువాడు దిగి వచ్చి నిదుర లేచుసరికి అవి మూసియుండవచ్చును. ఇష్టలింగమునకు అట్టి కట్టడి లేదు. భక్తుని ఎదపై ఉండి, అతడు పోవుచోటికెల్ల వెంట వచ్చును. అతని అరచేయియే దానికి పీఠము. పూజారి అక్కరలేదు, దక్షిణ అక్కరలేదు. శ్రమజీవులు నిండిన కల్యాణమున ఈ పూజావిధానము ఇంటింట వ్యాపించుటకు ఇదియు ఒక కారణమని గ్రహింపవలెను. కట్టెలమ్మువాడును, పడవ నడుపువాడును గుడి వేళలకు కాచుకొనియుండలేరు గదా!

కావున రాత్రి పనిచేయువానికి తాను నిదుర లేచిన వేళయే ప్రాతఃకాలము. మధ్యాహ్నము రెండు గంటలకు లేచినచో అప్పుడే స్నానము చేసి, విభూతి ధరించి, లింగమును కరస్థలమున నిలిపి పూజింపవలెను. అర్ధగంట వీలుకానినాడు పది నిమిషములు చాలును; కాని ఆ పది నిమిషములు తప్పరాదు. గేటు వద్ద నడిరేయి అన్నపు డబ్బా తెరచినప్పుడు మనస్సున లింగార్పితము చేసి తినినచో ఆ రొట్టెముక్క ప్రసాదమగును. జనసంచారము లేని రాత్రి వేళలలో షడక్షరీ మంత్రమును మౌనముగా జపించుట కాపలాకు అడ్డము కాదు, మెలకువకు తోడగును. చెమట, నూనె, మసి అంటినవని లింగమును తీసియుంచుట తగదు. సూతకములను పాటింపని ధర్మమున, శ్రమచేత పట్టిన చెమట మైల యగునా? తిరుగు యంత్రముల వద్ద పనిచేయువారు మాత్రము శివదారము వ్రేలాడకుండ, చొక్కా లోపల బిగువుగా కట్టుకొనవలెను. లింగము నాభికి దిగువగా ఉండరాదను పెద్దల నియమమును, యంత్రము వద్ద పాటింపవలసిన జాగ్రత్తయు ఇట్లు రెండును నెరవేరును.

ఇంతవరకు చెప్పినది పనిచేయువాని ధర్మము. ఇంటివారికిని ధర్మము కలదు. రాత్రి నిలిచి వచ్చిన తండ్రి పగలు నిదురించుచుండగా టీవీ మ్రోగించుట, చిన్న పనికి లేపుట, పగలంతయు పడుకొనుచున్నాడని ఎత్తిపొడుచుట కూడని పనులు. అతని నిద్రను కాపాడుట ఆ ఇంటి దాసోహము. అతని వంతు ఇంటిపనిని, బజారుపనిని కుమారులు, కోడండ్రు పంచుకొనవలెను. భార్య పగలు పని, రాత్రి పని రెండింటికిని వంట చేసి నలిగిపోవుచుండును. ఆమె విశ్రాంతియు లెక్కలోనికి రావలెను.

మఠములకును ఇందు పాలు కలదు. సత్సంగములు, శివానుభవగోష్ఠులు ఎప్పుడును సాయంకాలముననే జరిగినచో, రాత్రి ద్యూటీ వారు వానికి శాశ్వతముగా దూరమగుదురు. మాసమునకొకమారు మధ్యాహ్నవేళ గోష్ఠి ఏర్పాటు చేసినచో వారును రాగలరు. లింగమును గూటిలో పెట్టినవానిని తప్పుపట్టక, గురువు తానే పిలిచి మరల ధరింపజేయవలెను. పట్టణమునకు కొత్తగా వచ్చినవానికి నాలుగు దినములు బస, అన్నము చూపుట దాసోహమునకు వన్నె తెచ్చును.

ఇక శరణుల పేరు చెప్పుకొనుచు ఇతరులచేత పని చేయించుకొను యజమానులు ఆలోచింపవలసినది కలదు. 1948 నాటి కర్మాగారముల చట్టము పెద్దలకు దినమునకు 9 గంటలు, వారమునకు 48 గంటలు అని హద్దు పెట్టెను. మించిన పనికి రెట్టింపు కూలి విధించెను. చట్టము కన్ను పడని చోట, ముదుసలి కాపలాదారుని పండ్రెండు గంటలు నిలువబెట్టి, కాయకము గొప్పదని అతనికి బోధించుట బసవధర్మమునకు అపచారము. కాయకసిద్ధాంతము పనివాని శ్రమకు గౌరవము ఇచ్చుటకు పుట్టినది; అతని ఎముకలు పిండుకొనుటకు పుట్టలేదు. కూర్చుండుటకు ఒక కుర్చీ, తలపై నీడ, త్రాగుటకు నీరు, వారమున ఒకనాడు విశ్రాంతి, వేళకు జీతము ఇచ్చినవాడే కాయకమును నమ్మిన యజమాని.

మలివయస్సున కొత్త పనికి పోవు గృహస్థుడు ఓడిపోయినవాడని ఎవ్వరును తలపరాదు. దుకాణము మూతపడినను అతని కాయకము మూతపడలేదు. తెలియని పట్టణమున, తెలియని మనుష్యుల నడుమ, వణకు కాళ్లతో మరల మొదలిడినాడు. రాజ్యము విడిచి మోపు నెత్తిన పెట్టుకొన్న మారయ్య నడచిన త్రోవ అదియే. అతని ఎదపై లింగము, చేతిలో సత్యమైన పని, కంటికి చాలినంత నిద్ర, ఇంట ఒక ఆదరపు మాట నిలిచియుండునట్లు చూచుట సమాజమంతటి బాధ్యత.

శ్రీగురు బసవేశ్వరుని కృప అట్టి కాయకజీవులందరిపై నిలుచుగాక. శరణు శరణార్థి.