తడి ఒకచోట, చిల్లు ఒకచోట

కిందటేడు వేసవిలో అమెరికా వెళ్ళి, డల్లాస్ దగ్గర మా తమ్ముడింట్లో రెండు నెలలు ఉండి వచ్చాను. అక్కడేం చూశావని ఎవరైనా అడిగితే జలపాతాలూ, ఆకాశాన్నంటే మేడలూ చెప్పాలి కాబోలు. నాకు మటుకు ముందు గుర్తొచ్చేది ఓ కారు కప్పు. నవ్వకండి, అసలు సంగతి వినండి.

మావాడికి చిన్నప్పట్నుంచీ కప్పు తీసేసుకునే కారంటే మోజు. నలభయ్యో ఏట ఆ మోజు తీర్చుకున్నాడు. ఎవరో వాడి అమ్మేసిన పాత కారు. దాని కప్పు రెండు పలకలు. నడినెత్తిన ముందునుంచి వెనక్కి ఓ దూలం, దానికి అటో పలకా ఇటో పలకా. కొక్కేలు తిప్పి, రెండు పలకలూ ఊడదీసి డిక్కీలో పెట్టేస్తే పైన ఇక ఆకాశమే. ఇలాంటి కప్పుకి గార్డన్ బ్యూరిగ్ అనే ఆయన 1951లోనే పేటెంటు తీసుకున్నాడు. 1968లో కార్వెట్ కారుతో దానికి బాగా పేరొచ్చింది. నడుమ ఆ దూలం ఎందుకూ అంటే, అది లేకపోతే కారు ఒళ్ళు మెలి తిరిగి కిర్రుమంటుందిట. మావాడి కారు ఏ కంపెనీదో ఎందుకు లెండి. వయసు మీదపడ్డ కప్పు ఎవరిదైనా ఒకటే.

నేను వెళ్ళిన వారానికే పెద్ద వాన కురిసింది. తెల్లారి చూస్తే కారులో మా మరదలు కూర్చునే వైపు, కాళ్ళ దగ్గర తివాచీ తడిసి ముద్దయింది. డ్రైవరు వైపు చుక్క లేదు.

"నీ వైపు పలక సరిగా నొక్కి పెట్టవు. ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నాడు తమ్ముడు.

కుడివైపు పలక తీసేదీ పెట్టేదీ ఆ అమ్మాయే. తడిసిందీ అటేపే. ఇంక సాక్ష్యం ఏం కావాలి? నేను ఊరుకున్నానా అంటే అదీ లేదు. ఆడపడుచు అర్ధమొగుడన్నారు కదా, "కాస్త జాగ్రత్తగా పెట్టచ్చుగా అమ్మాయ్" అని నా వంతు నేనూ వడ్డించాను. గట్టిగా అనలేదు, మెత్తగానే అన్నాను. మెత్తగా అన్న మాట గుచ్చుకోదని మనకో నమ్మకం!

ఆ పిల్ల మారు మాట్లాడలేదు. ఆ కారెక్కడం మానేసింది. గుడికి వెళ్ళాలంటే "మీరిద్దరూ వెళ్ళండి వదినా, నేను నా కారులో వెనకే వస్తాను" అనేది. ముగ్గురు మనుషులం, రెండు కార్లు. ఒక దేవుడి దగ్గరికి.

రెండో వాన తరవాత తమ్ముడు గొట్టంలో ఉండే గట్టి జిగురు కొనుక్కొచ్చాడు. పలకల అంచుల్నిండా పూసేస్తాట్ట. ఇక ఊడదియ్యడమన్న మాటే ఉండదు కనక కారడమూ ఉండదుట. అంత ఆశపడి కొన్నది దేనికి మరి? తీసేందుకున్నదాన్ని అంటించేస్తే ఇబ్బందితో పాటు సంతోషం కూడా అంటుకుపోతుంది. కానీ కోపంలో ఉన్నవాడికి ఎవరు చెప్తారు?

మర్నాడు వాడు ఆఫీసుకి వెళ్ళాక మరదలు నా దగ్గరికొచ్చింది.

"వదినా, అంటించే ముందు ఒక్కసారి నీళ్ళు పోసి చూద్దామా? తప్పు నాదే అయితే ఆ మాట కళ్ళారా చూసి ఒప్పుకుంటాను."

నాకు ఎక్కడో చురుక్కుమంది. తను టార్చిలైటు పట్టుకుని లోపల కూర్చుంది. నేను తోట గొట్టం పట్టుకుని బయట నిలబడ్డాను. ఎలా పొయ్యాలో తనే చెప్పింది. జోరుగా చిమ్మకూడదు, సన్నగా జారనివ్వాలి. కిందనుంచి మొదలెట్టి పైకి రావాలి. ముందే నెత్తిన గుమ్మరిస్తే నీళ్ళు అంతటా పారి, ఎక్కడ దిగాయో తెలియదు. అంగుళం అంగుళం జరుగుతూ ఒక్కో చోట అయిదేసి నిమిషాలు ఆగాలి.

నీళ్ళు పొయ్యకముందే ఇంకో పరీక్ష కూడా పెట్టింది. పలకకీ దాని కిందుండే రబ్బరు అంచుకీ మధ్య ఓ కాగితం ముక్క ఉంచి, పలక మూసి, కాగితం లాగడం. తేలిగ్గా జారి వస్తే అక్కడ రబ్బరు సరిగా నొక్కుకోవడం లేదన్నమాట. కుడి పలక చుట్టూ లాగి చూశాం. ఎక్కడా జారలేదు. తన పలక తను సరిగానే పెట్టింది!

మరి నీళ్ళెక్కణ్ణుంచి? గొట్టం కుడి ముందు మూలకి వచ్చేసరికి లోపల్నించి "ఇదుగో" అన్న కేక. పలక తీసి చూస్తే అప్పుడర్థమైంది. రబ్బరు పక్కనే సన్నటి కాలువ ఉంది. దాని మూలన ఓ చిల్లు. ఆ చిల్లునుంచి అద్దం పక్క స్తంభంలోంచి గొట్టం దిగి, నీళ్ళని కారు కిందికి వదలాలి. ఆ గొట్టంలో కుళ్ళిన ఆకూ మట్టీ దట్టంగా కూరుకుపోయింది. కాలువ నిండి, పొర్లి, లోపలి గుడ్డ వెనక జారి, ఆ అమ్మాయి కాళ్ళ దగ్గర తేలాయి నీళ్ళు. తడి ఒకచోట, చిల్లు ఒకచోట.

నాకు మా అమ్మమ్మగారి మండువా లోగిలి గుర్తొచ్చింది. ఇంటి నడిమధ్య ఆకాశం కనపడేలా కప్పు వదిలేసి కట్టేవారు. వాన నేరుగా ఇంట్లోకే పడేది. అయినా ఇల్లు మునగలేదు, తూము ఉండేది కనక. మృగశిర కార్తె వస్తోందంటే అమ్మమ్మ ముందు ఆ తూములో పుల్ల పెట్టి శుభ్రం చేయించేది. ఈ కారు చేసినవాడూ రబ్బరునొక్కదాన్నే నమ్ముకోలేదు. రబ్బరు దాటి కాస్త తడి వస్తుందని ముందే ఒప్పుకుని దానికి దారి పెట్టాడు. తెరుచుకునేదానికి అతుకు తప్పదు, అతుకున్నచోట చెమ్మ తప్పదు. సంసారాలు మాత్రం వేరా చెప్పండి?

ఇద్దరం కూర్చుని గడ్డి కోసే యంత్రంలో వాడే నైలాను తాడు మెల్లగా దూర్చి గొట్టం శుభ్రం చేశాం. ఇనపతీగ అయితే గొట్టం చిల్లు పడుతుంది, జోరుగా గాలి కొడితే లోపలి అతుకు ఊడుతుంది. చిన్న గ్లాసుడు నీళ్ళు పోస్తే కారు కింద బొటబొటా కారాయి. ప్రాణం లేచొచ్చింది! రబ్బరు అంచుని సబ్బునీళ్ళతో తుడిచి, ఆరబెట్టి, పల్చగా సిలికాన్ గ్రీజు రాశాం. మామూలు ఇంజను గ్రీజులు రాస్తే ఆ రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

సాయంత్రం తమ్ముడొచ్చాడు. ఇంటి ముందు ఓక్ చెట్టుంది. వసంతంలో ఆకు రాలుస్తుంది. ఎండ తగలకూడదని కారు దాని కింద పెట్టేది మావాడే. "అయితే తప్పు నీదేరా" అనబోయాను. నాలిక చివరిదాకా వచ్చి ఆగింది. మొన్న ఆ అమ్మాయి మీద వేసిన బరువుని ఇవాళ వీడి మీదికి మారుస్తే నేను నేర్చుకున్నదేమిటి? ఆకు రాలింది, గొట్టం పూడింది. అది కారణం, నేరం కాదు. కారణాన్ని వెతకాల్సిన చోట మేము నేరస్తుణ్ణి వెతికాం.

అలాగని ఎవరి తప్పూ లేదని చేతులు దులుపుకోవడం కూడా న్యాయం కాదు. నీళ్ళు కారడానికి చెట్టునీ మట్టినీ చెప్పచ్చు. విచారించకుండా జారిన మాటకి ఏ చెట్టుని చెప్తాం? అది జారింది మా నోళ్ళలోంచే.

తమ్ముడు ఏమీ అనలేదు. తివాచీ ఎత్తి, దాని కింద నీళ్ళు పీల్చుకున్న స్పాంజి బయటికి లాగి, ఒక్కడూ కూర్చుని పిండాడు. నేను వంటింట్లోకి వెళ్ళి, "ఆరోజు తెలుసుకోకుండా అన్నాను అమ్మాయ్, ఏమనుకోకు" అన్నాను. ఆడపడుచు నోట ఆ మాట రావడం ఎంత కష్టమో అనుభవించినవాళ్ళకే తెలుసు.

ఆ పిల్ల కాసేపు కూర కలియబెడుతూ ఉండిపోయింది. తరవాత, "రేపు గుడికి ఒక్క కారులోనే వెళ్దాం వదినా. వాన లేకపోతే కప్పు తీసేసి" అంది.