గీతల లోకం, మెలకువ లోకం

నార్వేకు చెందిన ఆ-హా బృందం పాడిన ‘టేక్ ఆన్ మి’ పాటకు స్టీవ్ బారన్ 1985లో తీసిన వీడియో సుమారు నాలుగు నిమిషాల కథ. కేఫ్‌లో కాఫీ ముందు పెట్టుకుని కామిక్ పుస్తకం చదువుతున్న అమ్మాయికి పుటలోని బొమ్మ కన్ను గీటుతుంది. పెన్సిల్ గీతల చెయ్యి ఒకటి కాగితంలోంచి పైకి లేస్తుంది. ఆమె ఆ చెయ్యి అందుకుని లోపలికి వెళ్తుంది, తానూ గీతల బొమ్మ అవుతుంది. ఇది కలలాంటి వీడియో అని అందరూ అంటారు, అక్కడితో ఆగుతారు. కలలో కనబడినది ఉన్నట్టా లేనట్టా అన్న ప్రశ్న మీద వేదాంతులు శతాబ్దాల తరబడి వాదించుకున్నారు. ఆ వాదాలు తెలిసి చూస్తే ఈ వీడియో, పైకి అలా అనిపించినా, కనబడేదంతా మాయే అనే మాయావాదం పక్షాన నిలవదు.

ముందు పాట సంగతి. పాల్ వాక్టార్, మాగ్నె ఫురుహోల్మెన్, మోర్టెన్ హార్కెట్ కట్టిన ఈ పాట 1984లో ఒకసారి విడుదలై బ్రిటన్‌లో నడవలేదు. అప్పటి వీడియోలో ముగ్గురూ నీలం తెర ముందు పాడుతూ కనిపిస్తారు, అంతే. అలన్ టార్నీ నిర్మాతగా మళ్ళీ రికార్డు చేశారు. బారన్ కొత్త వీడియో తోడయ్యాక 1985 అక్టోబరులో అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. మరుసటి ఏడాది ఎంటీవీ వీడియోకు ఆరు అవార్డులిచ్చింది. ట్యూన్ కంటే బొమ్మే పాటను మోసిందనడం హార్కెట్ గొంతుకు అన్యాయమే గాని, పూర్తిగా అబద్ధం కాదు.

ఆ బొమ్మ వెనక ఉన్న పద్ధతి రోటోస్కోపింగ్. మాక్స్ ఫ్లైషర్ 1917లో పేటెంట్ పొందిన పాత విద్య ఇది. ముందు మనుషులతో మామూలుగా ఫిల్మ్ తీస్తారు. తర్వాత ఒక్కొక్క ఫ్రేమును కాగితం కిందికి తెచ్చుకుని దాని మీద గీస్తారు. మైకేల్ ప్యాటర్సన్, క్యాండస్ రెకింజర్ సుమారు మూడు వేల ఫ్రేములను అలా చేత్తో గీశారు. పదహారు వారాలు పట్టింది. ఏ రెండు ఫ్రేముల గీతలూ అచ్చంగా ఒకదాని మీద ఒకటి కూర్చోవు కాబట్టి కన్ను గీటిన బొమ్మగా హార్కెట్ ఊరికే నిలబడినా అతని చెంప మీది నీడ వణుకుతూనే ఉంటుంది. ముఖం కుదురుగా ఉంటుంది, దాన్ని గీసిన గీత మాత్రం కుదురుగా ఉండదు.

ఇక వేదాంతుల వాదాలు. కల అబద్ధం అనడానికి అద్వైతాచార్యుడు గౌడపాదుడు మాండూక్య కారికల రెండో ప్రకరణంలో చూపిన కారణాలు చాలా లౌకికమైనవి. కలలో కొండలు, ఏనుగులు కనబడతాయి. అవి ఒంటి లోపల పట్టవు. దూరదేశం వెళ్ళినట్టుంటుంది, వెళ్ళి రావడానికి వేళ చాలదు. పైగా మేలుకున్నప్పుడు ఎవరూ ఆ దేశంలో మేలుకోరు, పడుకున్న చోటే మేలుకుంటారు. మొదటి కారణం వీడియోకు చక్కగా అతుకుతుంది: చేతిలో పట్టే పుస్తకంలో సైడ్‌కార్ బైకుల పందెం పట్టదు, గోడలతో అల్లుకున్న చిక్కుదారులూ పట్టవు. చివరి కారణం దగ్గర మాత్రం బారన్ కథ ఎదురు తిరుగుతుంది. అమ్మాయి బిల్లు కట్టకుండా పోయిందనుకుని వెయిట్రెస్ పుస్తకాన్ని నలిపి చెత్తబుట్టలో పడేస్తుంది. లోపల దుండగులు తరుముతుంటే ఆ బొమ్మ మనిషి కాగితం గోడను చింపి అమ్మాయిని బయటికి తోస్తాడు. ఆమె తేలేది కూర్చున్న బల్ల దగ్గర కాదు, చెత్తబుట్ట పక్కన, నేల మీద. పుస్తకం ఎక్కడుంటే ఆమె అక్కడుంది. గౌడపాదుడి మాట ప్రకారమే చూసినా ఆమె వెళ్ళినది కలలోకి కాదు.

మెలకువా కలలాంటిదేననే దాకా వెళ్ళిన గౌడపాదుడంత దూరం శంకరుడు వెళ్ళడు. బాహ్యార్థమే లేదనే విజ్ఞానవాదులను ఖండిస్తూ, మెలకువ కలలాంటిది కాదని బ్రహ్మసూత్ర భాష్యం రెండో అధ్యాయంలో గట్టిగా చెప్తాడు. కలకు మెలకువలో బాధ కలుగుతుంది, అంటే ఇది లేదని తర్వాతి అనుభవం తేలుస్తుంది. మెలకువలో చూసిన స్తంభానికి మరే అవస్థలోనూ అలా బాధ కలగదు. అయితే మూడో అధ్యాయంలో కల దగ్గరికి వచ్చేసరికి దాన్ని మాయామాత్రం అంటాడు: దేశం, కాలం, కారణం నిండుగా అమరవు గనక. సగం గీసి వదిలేసిన అంచులున్న ఆ పెన్సిల్ ప్రపంచం అచ్చంగా ఈ వర్ణనలాగే ఉంటుంది.

కలను మాయామాత్రం అన్న అదే బ్రహ్మసూత్రం రామానుజుడికి వేరుగా వినిపించింది. కలలోని రథాలు, దారులు నిజంగానే ఉన్నాయి. ఈశ్వరుడు ఆ జీవుడి పుణ్యపాపాలకు తగ్గట్టు, ఆ ఒక్కడి కోసం, ఆ కాసేపటి కోసం సృష్టిస్తాడు. ఒక్కరికే కనబడడం, త్వరగా పోవడం అబద్ధానికి గుర్తులు కావు. మధ్వాచార్యుడు ముడిసరుకు గురించి కూడా చెప్పాడు. మెలకువలో అనుభవించి మనసులో నిలిచిన వాసనలతోనే ఈశ్వరుడు కల వస్తువులను చేస్తాడు. వస్తువులు నిజం, వాటిని బయటి వస్తువులనుకోవడం ఒక్కటే పొరపాటు. రోటోస్కోపింగ్‌కు దీనికంటే దగ్గరి సిద్ధాంతం దొరకదు. ఎక్కడో ఒక మనిషి ఒళ్ళు కదిలి, ఆ కదలిక ఫిల్మ్ మీద నిలిస్తేనే గీత ముందుకు సాగుతుంది. శూన్యంలోంచి పుట్టిన బొమ్మ అందులో లేదు. కాగితపు లోకంలో ఇద్దరూ ఒక ఖాళీ చట్రానికి అటూ ఇటూ తిరిగే చోట ఈ సంగతి కంటికే తెలుస్తుంది: చట్రం వెనక్కి వెళ్ళిన మనిషి రక్తమాంసాలతో కనిపిస్తాడు, ఇవతలికి రాగానే గీతలవుతాడు. ఒకే అడుగు రెండు రకాలుగా పడుతుంది. ఇందులో ఏది అసలు, ఏది నకలు అని అడిగితే గీతలకు ఆధారమైన ఆ అడుగే జవాబు.

ఇక సాక్షుల సంగతి. కల ఒక్కరిదే అన్న రామానుజుడి మాట కూడా ఈ కథకు చాలదు, ఎందుకంటే ఖాళీ కుర్చీని వెయిట్రెస్ చూసింది. చెత్తబుట్ట పక్కన తేలిన అమ్మాయిని కేఫ్‌లో అందరూ చూశారు. ఇలాంటి కథ యోగవాసిష్ఠంలో ఉంది. ఈ గ్రంథాన్ని మడికి సింగన ‘వాసిష్ఠ రామాయణం’గా తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. గాధి అనే బ్రాహ్మణుడు నీళ్ళలో మునిగిన క్షణంలో చండాలుడిగా పుట్టి, కీరదేశానికి రాజై, గుట్టు బయటపడి నిప్పుల్లో దూకుతాడు. చూస్తే ఇంకా నీళ్ళలోనే ఉన్నాడు. కథ అక్కడ ముగిస్తే మామూలు కలే. కాని తర్వాత ఒక అతిథి వచ్చి కీరదేశంలో జరిగిందంతా వార్తగా చెప్తాడు. గాధి స్వయంగా వెళ్ళి విచారిస్తే అక్కడి జనం అవునంటారు. వసిష్ఠుడు దీన్ని కూడా మాయ మహిమ కిందే జమకడతాడు. సాక్ష్యం ఎంత పెరిగితే మాయ అంత పెద్దదవుతుందన్న మాట. ఆ తర్కానికి ఓటమి ఉండదు. గెలుపు అంత సులువుగా రావడమే దాని బలహీనత. మధ్వుడి దారిలో నడిచే ద్వైతులు దాన్ని ఒప్పుకోకపోవడంలో న్యాయముంది.

వీడియో ఆఖరున కాగితపు మనిషి అమ్మాయి ఇంటి నడవలోకి వచ్చి, గోడలకు ఒళ్ళు కొట్టుకుంటూ, ఒక దెబ్బకు గీతలుగా మరో దెబ్బకు మనిషిగా మారుతూ, చివరికి మనిషిగా నిలుస్తాడు. బారన్ మనసులో వేదాంతం లేదు. కెన్ రస్సెల్ 1980 సినిమా ‘ఆల్టర్డ్ స్టేట్స్’ ముగింపు నుంచి తెచ్చుకున్న దృశ్యమది. అయినా కల చూసేవాడు మేలుకోవడం గురించే వాదించిన ఆచార్యుల ముందు, కలలోని మనిషి మెలకువలోకి రావడం కొత్త చిక్కు. దీనికి ఆ-హా తర్వాతి పాట ‘ది సన్ ఆల్వేస్ షైన్స్ ఆన్ టీవీ’ వీడియో, అదీ బారన్ తీసినదే, మొదట్లోనే ఒక జవాబిచ్చింది: అమ్మాయి ఎదుట నిలబడిన హార్కెట్ మళ్ళీ గీతలైపోయి పారిపోతాడు. శంకరుడి కొలతతో చూస్తే అది బాధ, మనిషితనం లేదని తేలిపోయింది. మధ్వుడి కొలతతో చూస్తే అతను మొదటినుంచీ గీతల మనిషిగా నిజమే, మెలకువ మనిషి అనుకున్నదే అమ్మాయి పొరపాటు.