తప్పును దిద్దువారు

కూలి లేని పనిని మనుష్యుడేల చేయును? చేసి ముగించిన పిదప, ముఖమెరుగని వాడొకడు "ఇందొక దోషమున్నది" అని తెలిపినచో, విసుగుకొనక మరల ఆ పనినేల చేపట్టును?

కంప్యూటరు రంగమున ఈ ప్రశ్న నిత్యము ఎదురగుచున్నది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అను ఫిన్లాండు విద్యార్థి ప్రారంభించిన లైనక్సు వంటి సాఫ్ట్‌వేరుల మూలము అందరికిని తెరచియుంచబడినది. వాడుకొనువారు దోషమును తెలుపుదురు. తక్కినవారు దానిని శోధించి దిద్దుదురు. వారిలో జీతముపై చేయువారును కలరు. వారి సంగతి విచారింప నక్కరలేదు. జీతము లేనివారి సంగతియే విచార్యము.

ఈ స్వభావము క్రొత్తది కాదు. కడపలో నివసించిన బ్రౌను దొర 1829లో 693 వేమన పద్యములను ప్రకటించెను. అంతటితో తన పని తీరెనని ఆయన తలపలేదు. మరికొన్ని వ్రాతప్రతులు సేకరించి, స్వంత ధనముతో పండితులచే పాఠములు పోల్పించి, 1839లో 1164 పద్యములతో మరల ప్రకటించెను. కంపెనీ కొలువు ఆయనకు జీతమిచ్చినది నిజమే కాని, ఆ కొలువులో వేమనను దిద్దుట చేరలేదు.

కీర్తికాంక్ష యందురు కొందరు. కొంత యుండవచ్చును. కాని కీర్తి క్రొత్తగా కట్టినవానికి దక్కునంతగ మరమ్మతు చేయువానికి దక్కదు. గోపురము కట్టించినవానికి శాసనముండును. అహోబిలపు కొండదారిలో ముల్లు తీసి ప్రక్కన వేయువానికి ఏ శాసనమున్నది?

పెరుమాళ్లకు మాల కట్టి తెచ్చిన భక్తునితో అర్చకస్వామి "ఇందొక పువ్వు వాడినది" అనిన, "ఉచితముగా తెచ్చితిని, సర్దుకొనుడు" అని అతడు బదులు పలుకునా? పువ్వు మార్చును. సమర్పించినది తనది కాదు. లోపము మాత్రము తాను తీర్పవలసినదే. భగవద్రామానుజులు గీతాభాష్యమున ఫలత్యాగముతోపాటు కర్తృత్వ మమతాత్యాగములను గూడ విధించిరి. దోషము చెప్పినపుడు నొచ్చుకొనునది మమతయే గదా!

అయితే దోషము చెప్పువానికిని ధర్మమున్నది. కొందరు జీతగాని గద్దించినట్లు గద్దింతురు, అది పాపము. "పని చేయుటలేదు" అనుట చాలదు; ఎక్కడ, ఎప్పుడు, ఏమి చేసినప్పుడు అని చెప్పవలెను. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అను అక్షరము కొన్ని ఐఫోనులలో కనబడినంతనే అప్లికేషనులు ఆగిపోవుచుండెను. జ్ఞానమునకు మొదటి అక్షరమే విఘ్నమగుట విచిత్రము! ఆ సంస్థలో కొలువు లేనివారును శోధించి, ఒత్తునకును దీర్ఘమునకును నడుమ కంటికి కనబడని విభాజక సంకేతమొకటి చేరుటయే కీలకమని నిరూపించిరి. ఆ మాసముననే దోషము దిద్దబడినది.