చేతిలోని ఫోను చాలదా?

వస్తువు మనుష్యుని పనికొరకు పుట్టినది. అది పనికిరానిదైనప్పుడు మార్చుకొనుట దోషము కాదు. అరిగిపోయిన నాగటికర్రుతోనే దున్నుచుండు రైతును ఎవరును విరాగి అనరు. పనియందు శ్రద్ధ లేనివాడందురు. అయితే పనిముట్టు అరుగకమునుపే దానిపై మనస్సు విరిగినచో ఏమి చేయవలెను? ఏటేట క్రొత్త స్మార్ట్‌ఫోను విడుదలయగు ఈ కాలమున ఈ ప్రశ్న ఇంటింట తలెత్తుచున్నది.

జహీరాబాదులో కిరాణా దుకాణము నడుపుకొను ఒక కుటుంబమును ఉదాహరణముగా ఊహించుకొనవచ్చును. కుమారుడు డిగ్రీ చదువుచున్నాడు. అతని ఫోను కొని మూడేండ్లయినది. క్రొత్త నమూనా వెల 80 వేల రూపాయలు. నెలనెల వాయిదాలలో చెల్లింపవచ్చునని అతడు తండ్రికి నచ్చజెప్పుచున్నాడు. అతడు చెప్పు కారణములు మూడు: మధ్యాహ్నమునకే చార్జింగు అయిపోవుచున్నది, ఫోను నెమ్మదించినది, స్నేహితులందరు క్రొత్తది కొనిరి. ఈ మూడును ఒకే జాతికి చెందినవి కావు. వానిని వేరుచేసి చూచుటయే వివేకము.

మొదటిది బ్యాటరీ దోషము. లిథియం అయాన్ బ్యాటరీ వాడుకలో అరుగుట సహజము. అనేక ఫోన్లలో సుమారు 500 పూర్తి చార్జింగుల తరువాత దాని సామర్థ్యము 80 శాతమునకు దిగును. కాని బ్యాటరీ ఆయువే ఫోను ఆయువు కాదు. హైదరాబాదు ఆబిడ్సులోని జగదీశ్ మార్కెట్టు మొదలుకొని చిన్న పట్టణముల వరకు బ్యాటరీ మార్చు పనివారు కలరు. దానికగు వ్యయము క్రొత్త ఫోను వెలలో స్వల్పభాగము.

రెండవది కూడ తరచుగా మొదటిదాని నీడయే. బ్యాటరీ బలహీనపడిన కొన్ని పాత ఐఫోన్లు ఉన్నట్టుండి ఆగిపోకుండుటకై వాని వేగమును సాఫ్ట్‌వేరు ద్వారా తగ్గించితిమని 2017 డిసెంబరులో ఆపిల్ సంస్థ అంగీకరించెను. పిదప 2018లో అమెరికాలో బ్యాటరీ మార్పిడి రుసుమును 79 డాలర్లనుండి 29 డాలర్లకు తగ్గించెను. ఈ సంగతి వినియోగదారులకు ముందుగా తెలుపనందుకు ఫ్రాన్సులో 2020లో రెండున్నర కోట్ల యూరోల జరిమానా చెల్లించెను. ఫోనే ముసలిదైనదని తలచి క్రొత్తది కొన్నవారు ఎందరో! వారికి కావలసినది ఒక బ్యాటరీ మాత్రమే.

మూడవ కారణము ఫోనులోని దోషము కాదు. దానిని ఏ పనివాడును బాగుచేయలేడు. దానిని పరిహసించుటయు తగదు. ఈడువారి నడుమ తక్కువగా కనబడుట యౌవనమున నిజమైన బాధయే. కాని ఆ బాధకు క్రొత్త ఫోను ఔషధమైనచో అది పండ్రెండు నెలలకు మించి పనిచేయదు. మరుసటి నమూనా వచ్చునప్పటికి మునుపటి వాయిదాలే తీరియుండకపోవచ్చును.

ఇంతవరకు తండ్రి పక్షమే గెలిచినట్లు తోచును. అయితే ఆయన చేతిలోని ఫోనును కూడ చూడవలెను. అది ఇంకను పాతది. దానికి భద్రతా అప్‌డేట్లు నిలిచిపోయి ఏండ్లయినవి. దుకాణపు సొమ్ము, బ్యాంకు లావాదేవీలు అన్నియు దానిమీదనే జరుగుచున్నవి. మాటలాడుటకు పనికివచ్చుచున్నది గనుక చాలునని ఆయన భావము. ఆయన దానిని నిరాడంబరత అనుకొనుచున్నాడు, నిజమునకది అజాగ్రత్త. గూగుల్ 2023లో పిక్సెల్ 8కును, శాంసంగ్ 2024లో గెలాక్సీ ఎస్24కును ఏడేండ్లపాటు అప్‌డేట్లు ఇత్తుమని ప్రకటించెను. ఏ ఫోనుకు ఈ గడువు ఎప్పుడు ముగియునో విచారించి తెలిసికొనవచ్చును. కావున ఆ ఇంట క్రొత్త ఫోను అవసరమైనది కుమారునికి కాదు, తండ్రికి. అదియు 80 వేలది కానక్కరలేదు. అడిగినవాని అవసరము చిన్నది. అడుగనివాని అవసరము పెద్దది.

ఈ లెక్కలో ఇంటివారు మాత్రమే లేరు. బ్యాటరీలలో వాడు కోబాల్టులో అధికభాగము కాంగో దేశపు గనులనుండి వచ్చును. అచ్చటి గనులలో పిల్లలును శ్రమించుచున్నారని ఆమ్నెస్టీ సంస్థ 2016లో వెల్లడించెను. 2022లో ప్రపంచమున 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థము పోగుపడగా, అందు సక్రమముగా సేకరింపబడి పునర్వినియోగమునకు చేరినట్లు లెక్కకు వచ్చినది 22.3 శాతమే. ఫోనును ఇంకొక ఏడాది వాడుకొనుట డబ్బు మిగుల్చుట మాత్రమే కాదు. కంటికి కానరాని ఆ శ్రమను గౌరవించుట. మార్చక తప్పనప్పుడు పాతదానిని సొరుగులో పడవేయక, అవసరమున్న వారికో అధీకృత సేకరణ కేంద్రమునకో చేర్చుట ధర్మము.

పండ్రెండవ శతాబ్దమున కల్యాణ నగరములో రాలిన బియ్యము ఏరి దాసోహము నడపిన ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి తెచ్చెననియు, ఆ అధికమును తిరిగి అచ్చటనే పోసి రమ్మని భార్య లక్కమ్మ చెప్పెననియు శరణుల చరిత్ర తెలుపును. లక్కమ్మ బియ్యము వలదనలేదు. ఆనాటి పనికి మించినది వలదన్నది. అట్లనుటకు ముందు ఆ పనికి ఎంత కావలెనో ఆమెకు తెలిసియుండవలెను గదా! ఆ కొలత తెలిసిన ఇంట క్రొత్త వస్తువు కొన్నను దోషము లేదు, కొనకున్నను లోటు లేదు.