ట్రినిటీ నది ఒడ్డున చవితి

పూజలో మన కోరికకన్నా ముందు దేవుడికి విన్నవించేది మన ఉనికి. ఏ ద్వీపంలో, ఏ వర్షంలో, ఏ నదుల నడుమ, ఏ సంవత్సరంలో, ఏ తిథినాడు కూర్చున్నామో సంకల్పంలో వరుసగా చెప్పుకుంటాం. సొంత ఇల్లయితే ‘స్వగృహే’ అనాలనీ, కాకపోతే ‘వసతిగృహే’ అనో ‘శోభనగృహే’ అనో అనాలనీ వ్రతకల్ప పుస్తకాల్లోనే రాసి ఉంటుంది. పండుగ పూట మనిషి తన గడపలో లేకపోవచ్చని పెద్దలు ముందే తలిచారు. పరాయి ఊళ్ళో పండుగ చేసుకోవచ్చా అని సందేహపడేవారు ఆ ఒక్క మాట చూసి ధైర్యంగా పీట వేసుకోవచ్చు.

2025 వినాయక చవితికి మేము అమెరికాలో, డాలస్ పక్కన ఉంటున్న మా పాత స్నేహితుల ఇంట్లో ఉన్నాం. అక్కడి పురోహితుల్లో చాలామంది జంబూద్వీపం, భరతవర్షం చెప్పే చోట క్రౌంచద్వీపం, రమణకవర్షం, ఐంద్రఖండం అంటారు. మా మిత్రుడు మరో అడుగు వేశాడు. కృష్ణా గోదావరులను తలిచే చోట డాలస్ మీదుగా పారే ట్రినిటీ నది పేరు చేర్చాడు. శాస్త్రం తెలిసినవారు ఏమంటారో గానీ నాకు అది ఎంతో నచ్చింది. పిల్లలను పెంచుతున్న ఊరి నదిని తలవకుండా కలశంలో నీళ్ళు ఎలా పోస్తాం?

తిథి సంగతీ అంతే. ఆ ఏడు ఇండియాలో చవితి ఆగస్టు 27 బుధవారం. ఆగస్టులో డాలస్ గడియారం మనకన్నా పదిన్నర గంటలు వెనక నడుస్తుంది కాబట్టి అక్కడ 26 తెల్లవారుజామున తిథి మొదలై, 27 సూర్యుడు ఉదయించకముందే వెళ్ళిపోయింది. చవితి పూజకు మధ్యాహ్నం తిథి ఉండాలి. అందుకని మంగళవారమే చేసుకున్నాం. ఇండియా తేదీ పట్టుకుని మర్నాడు చేసుకున్న తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళ భక్తిని తప్పు పట్టను. అయితే మనం ఎక్కడ నిలబడితే అక్కడి సూర్యుణ్ణే లెక్కలోకి తీసుకోమన్నది మన పంచాంగమే.

విమానంలో పత్రి తీసుకెళ్ళే వీలు లేదు. తాజా ఆకులు, పళ్ళు అక్కడి తనిఖీ దాటవు. కానీ డాలస్ ఆ లోటు తెలియనివ్వలేదు. ఆ ప్రాంతమంతా నల్లరేగడి నేల. ఒకప్పుడు పత్తికి పేరుపడ్డ భూమి. ఎండాకాలం నెర్రెలు విచ్చి పునాదులు కదిలిపోతాయని ఇళ్ళ చుట్టూ గొట్టాలు పరిచి నేలను తడుపుతుంటారు. పెరట్లో తవ్విన ఆ మట్టిని పిసికి మా మిత్రుడి కూతురు గణపతిని చేసింది. తొండం రెండుసార్లు ఊడింది, మూడోసారి నిలిచింది. ఇక గరిక! అక్కడ ఇళ్ళ ముందు పచ్చిక బయళ్ళలో ఎక్కువగా పెంచే బెర్ముడా గ్రాస్ మన గరికే. మిషను పెట్టి వారం వారం కోసి పారేసే ఆ గడ్డిని చేత్తో ఏరి జతలు కడుతుంటే మా స్నేహితురాలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దానిమ్మ పెరట్లో ఉంది, గన్నేరు వీధి మలుపులో ఉంది, తులసి కుండీలో ఉంది. పాలవెల్లికి మొక్కజొన్న కండెలకు కొదవలేదు, వెలక్కాయే దొరకలేదు. ఇరవై ఒక్క పత్రుల్లో దొరకని వాటికి అక్షతలు వేశాం.

రాత్రి ఎనిమిదిన్నరకు తెనాలిలో ఫోను ముందు కూర్చుని పూజ చూస్తున్న మిత్రుడి తల్లికి మాత్రం మనసు ఒప్పలేదు. “మాచిపత్రి లేదా? జిల్లేడు లేదా? ఇదేం పూజరా నాయనా!” అన్నారు. ఆ మాట వినగానే నాకు అయోధ్యకాండ గుర్తొచ్చింది. తండ్రి మరణవార్త చిత్రకూటంలో విన్న రాముడు మందాకినిలో తర్పణం విడిచి, గారపిండిలో రేగుపళ్ళు కలిపి దర్భల మీద పిండం పెట్టాడు. తాము తింటున్నది ఇదే కనుక తండ్రికీ ఇదే అర్పిస్తున్నానన్నాడు. తర్వాత అటుగా వచ్చిన కౌసల్య ఆ గారపిండి ముద్దను చూసి, భూమినేలిన దశరథుడికి ఇదా ఆహారమని కుమిలిపోయింది. తల్లి దుఃఖం నిజమైనదే. కానీ రాముడి అర్పణలో లోటేమీ లేదు. అడవిలో ఉండి అయోధ్య భోజనం పెట్టాలని అతను తాపత్రయపడలేదు. తన విస్తట్లో ఉన్నదే పెట్టాడు. విదేశంలో ఉన్న బిడ్డల పూజ చూసి బెంగపడే అమ్మలకు ఈ ఘట్టం ఒకసారి చదివి వినిపించాలి.

పత్రిలోకి రేగాకు ఎలా దొరికిందో చెప్పాలి. పక్కింటివారు వియత్నాం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. వాళ్ళ పెరట్లో రేగు జాతి చెట్టు ఉంది. ఆకులు కావాలని అడిగితే ఆ ఇంటి పెద్దావిడ ఎందుకని అడగలేదు. కొమ్మే విరిచి ఇచ్చింది. పూజకు రమ్మంటే మనవరాలితో వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, కింద కూర్చుంది. శమంతకమణి కథను మిత్రుడి కూతురు ఇంగ్లీషులో చెప్పింది. కృష్ణుడంతటివాడికీ నింద తప్పలేదనీ, నింద వేసినవాళ్ళతో తగవుకు పోకుండా మణిని వెతుక్కుంటూ అడవికి వెళ్ళాడనీ విని ఆవిడ తల పంకించింది. అందరి తలల మీదా అక్షతలు పడ్డాయి. ఉండ్రాళ్ళు ఆవిడకు బాగా నచ్చాయి, బియ్యప్పిండి వంటకాలు వాళ్ళకూ కొత్త కాదు.

అలాంటి నింద పడుతుందని ఈ రాత్రి మేము చంద్రుణ్ణి చూడం అని చెబితే ఆవిడ ఆశ్చర్యపోయింది. వాళ్ళకు శరత్కాలంలో వచ్చే పెద్ద పండుగ చంద్రుణ్ణి చూడడానికే. వాళ్ళ లెక్కలో ఎనిమిదో నెల పున్నమినాడు పిల్లలు దీపాల లాంతర్లు పట్టుకుని ఊరేగుతారు, మూన్ కేకులు పంచుకుంటారు. 2025లో అది అక్టోబర్ 6, మనకు ఆశ్వయుజ పౌర్ణమి. అప్పటికి మేము ఊరు చేరిపోతాం. మా మిత్రుల కుటుంబాన్ని మాత్రం ఆవిడ ఆ రాత్రి భోజనానికి పిలిచి, తమ ఇంట్లో దేవుడి ముందు పెట్టడానికి ఉండ్రాళ్ళు తెమ్మని మరీ మరీ చెప్పి వెళ్ళింది.